జగ్గారావు ఈల

"ఈల ఊదొద్దంటే ఇనవేటి? ముసలమ్మ మోకాలు సూడు, సీరుకుపోనాది. బిందె రోడ్డు మీదొదిలేసి ఆటో కిందకి దూరిపోనాది."

"దూరమని నాను సెప్పానేటి? నిన్న పార్కు మూసే టయిమనీసి ఊదాను."

"ఈ పేటలో ఆ ఈలకి ఎవులైనా దూరతారు. అలవాటు సేసింది నువ్వే."

పెందుర్తి దాటాక కొండ వారగా, కొత్త పార్కు గేటు దగ్గర మొగుడూ పెళ్ళాలు తగువాడుకుంటున్నారు. నాకు బెంచీల మీద కూర్చునే ఓపిక లేదు, తగువు వినడానికి మాత్రం ఆగాను. పెళ్ళాం పైడితల్లి విసవిసా వెళ్ళిపోయింది. వాచ్‌మన్ జగ్గారావు నన్ను చూసి ఏమాత్రం సిగ్గుపడకుండా కుర్చీ జరిపాడు.

"ఈలకి ఆటో కింద దూరడమేంటి?" అని అడిగేశాను.

ఆ పార్కు ఒకప్పుడు రాతి క్వారీ. మందు పేల్చే ముందు కొండెక్కి, ఎర్రగుడ్డ ఊపి, మూడుసార్లు ఈల ఊదడం జగ్గారావు పని. రాళ్ళు ఇళ్ళ దాకా ఎగిరొచ్చేవి. మూడో ఈల వినపడేసరికి పేటలో పసిపిల్లలతో సహా అందరూ దేని కిందో ఒకదాని కింద ఉండాలి. క్వారీ మూతపడి ఏళ్ళయింది. గుంతలో నీళ్ళు నిండి చెరువైంది, రాతి నెర్రెల్లో గోరింకలు చేరాయి. ఎర్రగుడ్డతో ఇప్పుడు గేటు తుడుస్తున్నాడు. ఈల మాత్రం అదే.

"నోటితో పిలవచ్చుగా?"

"మొన్న పిలిసాను. ఒక్కడు కదిల్తే ఒట్టు. సీకటడితే ఆ గుంత కాడ ఎవడో ఒకడు జారతాడు. ఈల ఊదకపోతే ఇంకో మనిషిని పెడతానన్నాడు సూపర్‌వైజరు."

"గంట కట్టించమనండి."

"అడిగాను బాబు. బడిగంటనుకుంటారంట."

నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"అంత భయమా ఆ చప్పుడంటే?"

"నాకేటి తెలుసు?" అని చెరువు వైపు చూశాడు. పొద్దు వాలుతోంది, గట్టు మీద జనం ఇంకా ఫొటోలు దిగుతున్నారు. "నానెప్పుడూ ఊదినోడినే. కిందుండి ఒక్కసారైనా ఇన్లేదు."

జేబులోంచి ఈల తీసి, తువ్వాలుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల నువ్వూదు బాబు. భయపడొద్దని ముందే పేటంతా సెప్పేసి, ముసలమ్మ గుమ్మం కాడ నిలబడతాను. నాకూ దూరాలనిపిస్తే రేపట్నుంచి ఊదను, ఉజ్జోగం పోతే పోనీ. మూడుసార్లు ఊదు. మూడోది గట్టిగా ఊదాల."