తిప్పమ్మలు లేని వీధి

మా అత్త పేరు తిప్పమ్మ. మా పెళ్లిపత్రికలో అది 'త్రిపురాంబ' అయింది. ఆ ఘనకార్యం మా నాయనది. చుట్టాల ముందు తల కొట్టేసినట్టు ఉంటుందని ఆయన బాధ. నిజం చెప్పాలంటే నేనూ అడ్డం చెప్పలేదు. అత్త పత్రిక చదివించుకుని, "ఏమన్నా, మా ఇంట్లోకి ఈ త్రిపురాంబ ఎప్పుడొచ్చింది?" అని మా నాయననే అడిగి పకపకా నవ్వింది.

పత్తికొండ పక్కన మూడెకరాల మెట్టచేను ఆమెది. మామ పోయాక ఒక్కతే టమాటా పండించి, తెల్లారేసరికి మార్కెట్లో గంపలు దించి, మా ఆయన ఉమామహేశ్‌ను చదివించింది.

ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోయారట. నాలుగో బిడ్డనైనా దక్కించుకోవాలని వాళ్ల అవ్వ ఆమెను చేటలో పెట్టి తిప్ప మీద, అంటే ఎరువుదిబ్బ మీద, పడుకోబెట్టింది. పారేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. పక్కింటామె ఎత్తుకొచ్చి తిరిగి ఇచ్చింది. ఆ దిబ్బ పేరే పెట్టారు.

నాకూ రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి ఏడో నెలలోనే పాప పుట్టింది. కర్నూలు ఆసుపత్రిలో నెల రోజులు గాజుపెట్టెలో ఉంది. చేలో కాయలు మాగి రాలుతున్నా అత్త నా పక్క నుంచి కదల్లేదు. ఆమెకు నేను ఏమిచ్చినా తక్కువే.

పేరు పెట్టి తొట్లో వేసే రోజున, "అత్తా, పాపకు నీ పేరే" అన్నాను. ప్రేమ కొద్దీ అన్నట్టే అన్నాను గానీ లోపలంతా భయం. ఈ బిడ్డ కూడా చేజారితే?

అత్తకు తెలిసిపోయింది.

"వద్దమ్మే. నాకా పేరు భయపడి పెట్టినారు. మా కాలంలో వీధికొక తిప్పమ్మ. ఇప్పుడు బడి కాడ నిలబడి ఎంత అరిసినా ఒక్కతీ పలకదు. ఎందుకనుకుంటివి? బిడ్డలు బతుకుతాండారు, ఇంక ఆ పేరుతో పనిలేదు. నాతోనే పోనీ, నాకు శానా సంతోషం."

నాకు ఏడుపు ఆగలేదు.

"మొదటి కాన్పప్పుడే నువ్వొక పేరు అనుకొనింటావు. అది చెప్పు."

అనుకున్నాను. దిష్టి తగులుతుందని మూడేళ్లుగా మొగుడికి కూడా చెప్పని పేరు. అత్తకూ వినిపించేలా పాప చెవిలో చెప్పాను: నిహారిక.

అత్తకు నోరు తిరగలేదు. రెండుసార్లు తడబడింది. మూడోసారి పాపను ఎత్తుకుని వాకిట్లోకి పోయి, వీధంతా వినపడేలా పిలిచింది.