మస్తానమ్మ గారి బండి నాకు స్టార్టు కాని మూడు రోజులు

దయ్యాలూ గాలీ ధూళీ నేను నమ్మను. నమ్మేవాణ్ణయితే లారీ ఎక్కేవాణ్ణే కాదు. మా డ్రైవర్ల కబుర్లు వింటే ప్రతి మలుపులోనూ తెల్లచీర కట్టుకుని ఒకామె నిలబడి ఉంటుంది. ఆరేళ్ళుగా ఆ మలుపులన్నీ తిరుగుతున్నాను, నాకు ఒక్కామె కూడా చెయ్యి ఎత్తలేదు. పైగా నేను చెప్పబోయేది పట్టపగలు జరిగింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పేరు శీను. లారీ ఓనర్లకి మాత్రం నేను స్తంభం శీనుని. గుంటూరులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దింపి రివర్సు తీస్తూ కరెంటు స్తంభం పడగొట్టినప్పుడు వచ్చిన పేరది. ఆ వీధిలో సాయంత్రం దాకా ఫ్యాన్లు తిరగలేదు. ఆ తర్వాత సింగరాయకొండ దగ్గర హైవే మీద కునుకు పట్టి డివైడర్ ఎక్కించాను. పత్తి బేళ్ళు రోడ్డంతా దొర్లాయి, నా నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

ఆ రెండో దెబ్బతో నాకు బండి ఇచ్చేవాడే లేకుండా పోయాడు. యాక్సిడెంట్ కబురు మనకంటే ముందే ఊళ్ళు తిరిగొస్తుంది. చిలకలూరిపేటలో ఒక ఓనరు టీ ఇప్పించి, మా అమ్మ ఆరోగ్యం కూడా అడిగి, నీకు బండి ఇస్తే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదని చెప్పి సాగనంపాడు. ఎనిమిది నెలలు కోల్డ్ స్టోరేజీలో టిక్కీలు మోశాను. గేటు బయట లారీ గేరు మారిన చప్పుడు వినపడితే చాలు, నా ఎడమ కాలు దానంతటదే కదిలేది. నాకు వచ్చిన పని అదొక్కటే.

పర్చూరు దగ్గర ఒక పల్లెలో మస్తానమ్మ గారి బండికి డ్రైవర్ కావాలని అప్పుడే తెలిసింది. ఆవిడ భర్త సైదులు గారు తన లారీ తనే నడుపుకునేవారు. గుండెపోటుతో పోయి ఏడాది. పిల్లలు లేరు. బండి అమ్మేయమని అందరూ చెప్పినా ఆవిడ అమ్మలేదు. బ్యాటరీ దిగిపోకుండా రోజూ పొద్దున్నే కుచ్చిళ్ళు దోపుకుని కేబిన్ ఎక్కి, తాళం తిప్పి, పది నిమిషాలు ఇంజన్ నడిపేవారు. మొదట్లో నవ్విన ఊరివాళ్ళు తర్వాత ఆ చప్పుడికే పిల్లల్ని బడికి లేపడం మొదలుపెట్టారట.

సైదులు గారికి ఒక పద్ధతి ఉండేది. ఒంట్లో బాగోక ఎప్పుడైనా ఇంకొకరికి బండి ఇవ్వాల్సి వస్తే, ఆ డ్రైవర్‌ని సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగ్ మీద చెయ్యి వేయించి, ఇప్పటిదాకా ఎన్ని యాక్సిడెంట్లు చేశావో చెప్పమనేవారు. మాలో గుళ్ళో నిలబడి అబద్ధం ఆడేవాళ్ళున్నారు గానీ స్టీరింగ్ మీద ఆడేవాళ్ళు తక్కువ. మస్తానమ్మ గారు నన్నూ అలాగే కూర్చోబెట్టారు.

"రెండమ్మా" అన్నాను. స్తంభం సంగతీ డివైడర్ సంగతీ దాచకుండా చెప్పాను. ఆవిడకి అవి ముందే తెలుసు. దాచనందుకు సంతోషించినట్టే కనపడి, స్టార్ట్ చెయ్యమన్నారు.

తాళం తిప్పాను. ఏమీ లేదు. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజన్ మాత్రం కిక్కురుమనలేదు. ఆ పొద్దున ఆవిడ స్టార్ట్ చేసిన బండే అది. బ్యాటరీ వైర్లు బిగించాను, ఫ్యూజులు చూశాను, డీజిల్ చూశాను. లాభం లేదు. ఆవిడ పైకెక్కి తిప్పారు, వెంటనే అందుకుంది. నేను ఎక్కాను, మళ్ళీ చచ్చింది.

రెండో రోజు పర్చూరు నుంచి మెకానిక్ వచ్చి సెల్ఫ్ మోటారు విప్పి చూసి బిగించాడు. అతనికి స్టార్టయింది. నాకు కాలేదు. నీ చేతిలోనే ఏదో ఉందని నవ్వి వెళ్ళిపోయాడు. దొంగ స్విచ్ ఏదైనా పెట్టారేమోనని నాకు అనుమానం వచ్చింది. అబద్ధం ఎందుకు, ఆవిడనే అనుమానించాను. డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఒక్కో వైరూ పట్టుకుని చివరిదాకా చూశాను. ఏమీ దొరకలేదు. అసలు నేను తాళం తిప్పినప్పుడల్లా ఆవిడ కింద నిలబడి, చేటలో బియ్యం ఏరుకుంటూ ఉన్నారు.

మూడో రోజు కూడా అంతే. ఆవిడ అన్నం పెట్టి, తిని వెళ్ళమన్నారు. ఆ అన్నం ముందు కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. కంచం పక్కన పెట్టి, వెళ్ళి కేబిన్ ఎక్కాను. ఆవిడ వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. స్టీరింగ్ మీద చెయ్యేసి, "అమ్మా, రెండు కాదు, మూడు" అన్నాను.

స్తంభానికీ డివైడర్‌కీ మధ్య ఇంకొకటి ఉంది. ఒక మధ్యాహ్నం ఇంకొల్లు రోడ్డు మీద ఒక ముసలాయన సైకిల్ వెనక పత్తికట్టె మోపు అడ్డంగా కట్టుకుని వెళుతున్నాడు. దాటుతుంటే మోపు నా లారీకి తగిలింది. అద్దంలో చూస్తే కాలవ గట్టున సైకిల్ చక్రం తిరుగుతోంది. మనిషి కనపడలేదు. స్తంభం గొడవ ఇంకా చల్లారలేదు, ఇది కూడా తెలిస్తే ఇక బండి ఉండదనుకుని ఆగకుండా వెళ్ళిపోయాను. మా అమ్మకి కూడా చెప్పలేదు. ఆయన బతికాడో లేదో మూడేళ్ళుగా నాకు తెలీదు.

అంతా చెప్పి తాళం తిప్పాను. సగం కూడా తిరగలేదు, ఇంజన్ అందుకుంది.

నేను తాళం వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మస్తానమ్మ గారు మాత్రం ఇంజన్ వంక చూడనే లేదు. చెయ్యి చాపి తాళం తీసుకున్నారు.

"ముందు ఆ మనిషిని చూసి రా. బండి సంగతి తర్వాత" అన్నారు.

మర్నాడు ఇంకొల్లు బస్సెక్కాను. ఆ మలుపు దగ్గర టీ కొట్టులో పత్తికట్టె, సైకిల్ అనగానే కోటయ్య గారి కల్లం చూపించారు. ఉన్నాడు అన్న మాట విని, టీ తాగకుండానే అక్కడి బల్ల మీద కూలబడ్డాను.

కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. కోటయ్య గారు ఒక కాలు చాపుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. నేను వెళ్ళి ఆ కాలు పట్టుకుని, నేనెవరో చెప్పాను. ఆయన తల ఎత్తి నా మొహం చూశారు.

"వచ్చావా? ఆయన చెప్పాడులే, వస్తావని" అన్నారు.

ఎవరని అడిగాను. ఆ రోజు నా వెనకే ఇంకో లారీ వచ్చిందట. ఆ డ్రైవర్ ఆపి, కాలవలోంచి ఆయన్ని ఎత్తి, కేబిన్లో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. దారి పొడుగునా ఈయన నన్ను తిడుతుంటే ఆ డ్రైవర్ వద్దన్నాడట. "కుర్రాడై ఉంటాడు తాతా, భయపడి పారిపోయాడు. మనసులో ఉంచుకోలేక ఏదో ఒక రోజు వస్తాడు. వస్తే కొట్టకు" అన్నాడట.

"అద్దం మీద మస్తానమ్మ అని రాసుకున్నాడు. పెళ్ళాం పేరు అంత పెద్దచ్చరాలతో ఎందుకురా అంటే, అది చూస్తే స్పీడు తగ్గుతుంది అన్నాడు. కాలు విరిగినోణ్ణి, ఆస్పత్రి దాకా నవ్వించాడు. ఇటు వచ్చినప్పుడల్లా మలుపులో రెండుసార్లు హారన్ కొట్టేవాడు. ఏడాదైంది వినపడి. బాగున్నాడా?"

ఆ కబురు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన తాలుకాయలు ఏరడం ఆపేసి, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నన్ను కొట్టలేదు.

తిరిగొచ్చి మస్తానమ్మ గారికి చెబితే కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఈ సంగతి సైదులు గారు మీకు ముందే చెప్పారా అని అడిగాను. రోడ్డు మీద జరిగినవి ఆయన ఇంట్లో చెప్పేవారు కాదన్నారు.

"ముసలాయన్ని పడేసి పోయినోడివని తెలిస్తే నిన్ను గుమ్మం ఎక్కనిచ్చేదాన్నా శీనూ?" అని తాళం నా చేతిలో పెట్టారు.

ఆ మాట నిజం. నాకు ఆవిడ సంగతి ఇప్పుడు బాగా తెలుసు, ఎక్కనిచ్చేవారు కాదు. సైదులు గారు లేరు. నేను ఎవరికీ చెప్పలేదు. మెకానిక్ ఇప్పటికీ సెల్ఫ్ మోటారులో లూజు కాంటాక్టేమో అంటాడు, మరి నాకొక్కడికే ఎందుకు లూజయిందో చెప్పడు. వెనక నుంచి తగిలిన దెబ్బకి కోటయ్య గారు నన్ను చూడనేలేదు; ఆ మధ్యాహ్నం ఆ రోడ్డు మీద నన్ను చూసినవాళ్ళలో మిగిలింది ఈ బండి ఒక్కటే. అంతకు మించి నాకేమీ అర్థం కాలేదు, కాదు కూడా.

రెండేళ్ళుగా దాన్ని నేనే నడుపుతున్నాను. ఒక్క రోజు మొరాయించలేదు. ఇంకొల్లు మలుపు వచ్చినప్పుడల్లా రెండుసార్లు హారన్ కొడతాను. కల్లంలోంచి కోటయ్య తాత కర్ర పైకెత్తి ఊపుతాడు.