గోడకంటిన కరివేపాకు

డెబ్బైల చివర్లో మా మల్కాపురంలో మిషన్ వాళ్లు బడి కడుతుంటే, సాయానికి విదేశాల నుంచి వాలంటీర్లు వచ్చారు. రోజూ బకెట్‌తో వాళ్లకి కరివేపాకు వేసిన మజ్జిగ పట్టుకెళ్లేదాన్ని.

ఓ రోజు నా బకెట్‌ని సున్నం బకెట్ పక్కన దించి, గ్లాసులు కడుక్కొచ్చాను. అక్కడున్న బకెట్‌లో ఓ గ్లాసు ముంచి ఒక దొరకిచ్చాను. ఆయన నోటిదాకా ఎత్తాడు. ఇంతలో గోడకి సున్నం వేస్తున్న అప్పన్న అరిచాడు.

"ఓలమ్మా, సున్నంలో ఈ కరేపాకేటి? గోడకంటుకుంటంది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉరుకున వెళ్లి దొర చేతిలో గ్లాసు తట్టేశాను. చొక్కా అంతా సున్నమే! అదృష్టం బాగుండి చుక్క కూడా గొంతు దిగలేదు.

అప్పన్న గోడకి పూసిన మజ్జిగ కడిగేసి, ఈసారి సున్నమే వేశాడు. దొర మాత్రం తిరిగి వాళ్ల దేశం వెళ్లేదాకా, నేనిచ్చిన మజ్జిగలో ముందు కరివేపాకు వెతుక్కుని, అది కనబడ్డాకే తాగేవాడు.