అమ్మ ఎండకాలం జరం

కూలర్‌ల గడ్డి తడిసిన వాసనొస్తే నాకు అమ్మ నుదురు యాదికొస్తది.

అమ్మ మహేశ్వరంల టీచరు. బడి ఉన్నన్ని దినాలు ఇబ్రహీంపట్నం నుంచి పొద్దుగాల్నే బస్సెక్కేది. పగటిపూట ఆమె పండుకున్నది నేనెన్నడూ చూడలే. ఎండకాలం సెలవులిచ్చిన తెల్లారి, అన్నం తిన్నంక కూలర్ ముంగట చాపేసుకొని ఒరిగింది. జరమొచ్చిందని నాకు భయమైంది. నుదురు సల్లగనే ఉన్నా తువ్వాల తడిపి ఏసిన.

"అమ్మా, దవాఖానకు పోదామా?"

"వద్దు బిడ్డా. నువ్వు గిట్లనే తడిపి ఏస్తుండు, తగ్గుతది," అన్నది కండ్లు తెరవకుంటనే.

మళ్ల బడి తెరిచేదాక అమ్మకు రోజూ మధ్యాహ్నం జరమొచ్చేది. రోజూ నేనే తగ్గించిన.

ఇప్పుడు నేను గూడ టీచర్నే. మా బడికి నిన్న సెలవులిచ్చిన్రు. ఇయ్యాల అన్నం తిన్నంక నాకూ జరమొచ్చింది.