గాడి వారి రెండో ఇల్లు

రాయపూర్‌లో తెలుగువాడికి ఇంటిపేరు అక్కర్లేదు. స్టేషను దాటి ఊళ్లోకి అడుగుపెడితే చాలు, కూరగాయలమ్మే ఆమె దగ్గర్నుంచి బడి మాస్టారి దాకా అందరూ "రావూజీ" అనే పిలుస్తారు. పేరు చివర రావు ఉన్నవాడూ రావే, లేనివాడూ రావే. బొబ్బిలి, పాలకొండ, చీపురుపల్లి వైపు నుంచి రైలు పని వెతుక్కుంటూ వచ్చిన మా పెద్దలు మూటలో తెచ్చుకున్న చింతపండును భద్రంగా దాచుకున్నారు. ఇంటిపేరును మాత్రం ప్లాట్‌ఫారం మీదే వదిలేశారు. దాన్నెవరూ దొంగిలించలేదు. అడిగేవాడు లేక పోయింది.

వదలనివాడు ఒక్కడే. గాడి దానయ్య.

దానయ్య యార్డులో పాయింట్స్‌మన్. ఏ బండి ఏ పట్టా మీదికి పోవాలో చూసి లీవరు లాగే పని. బక్క మనిషి, ఇంజను కూతలాంటి గొంతు. గుఢియారి పేటలోని రైలు క్వార్టర్లలో మాకు రెండు గుమ్మాల అవతల ఉంటాడు. ఎవరు పేరడిగినా ఇంటిపేరుతోనే చెప్పేవాడు, చెప్పి చిక్కుల్లో పడేవాడు. కొత్తగా వచ్చిన హిందీ గార్డు ఒకాయన "నామ్ క్యా హై?" అంటే ఈయన "గాడి దానయ్య" అన్నాడు. "అరే, గాడీ నహీఁ, నామ్ పూఛా!" అని గార్డు కసిరాడు. హిందీలో గాడీ అంటే బండి. బండి సంగతి కాదయ్యా, నీ పేరు చెప్పమని. దానయ్య మళ్లీ అదే చెప్పాడు. స్టేషనంతా నవ్వింది.

మన పిల్లలు ఇంకా ఘనులు. ఆ రెండు మాటలూ కలిపి పలికితే ముందు వినిపించేది గాడిదే. "గాడిదానయ్యా!" అని గోడ చాటు నుంచి అరిచి పారిపోయేవారు.

"అవున్రా, గాడిదనే. మీ అయ్య నా మీదెక్కే బళ్లోకెల్లేడు!" అని ఈయన ఇక్కడి నుంచి అరిచేవాడు.

గాడి అంటే ఏమిటో నేను నిఘంటువులో వెతికాను. నన్ను కాలేజీకి పంపినవాళ్లు లేరు గనక నా చదువంతా తెలుగు సంఘం గదిలో చెదలు తిన్న పుస్తకాలే. పశువులకు మేత వేసే చోటు గాడి. బండిచక్రం నేలలో కోసిన దారి గాడి. పెళ్లిళ్లలో పెద్ద గుండిగలు ఎక్కించడానికి పొడుగ్గా తవ్వేది గాడిపొయ్యి. ఏదైనా మట్టిలో చెయ్యిపెట్టే పనే. గొప్పవాళ్ల ఇంటిపేర్లలో ఊళ్లుంటాయి, మనబోటి వాళ్ల ఇంటిపేర్లలో పనులుంటాయి. ఊరెవరిదో, పనెవరిదో ఇంతకన్నా వివరంగా ఏ చరిత్రకారుడూ రాయలేదు.

దానయ్య నిఘంటువు చూడలేదు. ఆయనకు వాళ్ల తాత చెప్పిన కథ చాలు. ఏదో కరువులో ఊరు ఊరంతా పొయ్యి ఆర్పేసినప్పుడు, వాళ్ల ముత్తాత ఒకడు ఊరి బయట నిలువు పొడుగు పొయ్యి తవ్వి, దొరికిన గింజతో అందరికీ గంజి కాచాడట. అప్పటి నుంచీ గాడి వారు. ఆ గుర్తుగా వాళ్లింట్లో పొయ్యి వెలిగించేముందు ఆడవాళ్లు గరిటె కాడతో పొయ్యి ముందు మట్టిని ఇంత గీకి పక్కన పెడతారు. భార్య దాలమ్మ రోజూ పొద్దున్నే విసుక్కుంటూనే గీకేది. "గెంజి తాగినోలు ఏ ఊల్లో ఉన్నారో గాని, మన్ను గీకేది మాత్రం నాను" అనేది.

వాళ్ల ఊళ్లో గాడి వారిది ఒక్కటే ఇల్లు. ఆ ఇంట్లో దానయ్య అన్నదమ్ములు ఇద్దరూ కలరాకు పోయారు. ఈయనకు ఒక్కతే కూతురు, పార్వతమ్మ. ఆడపిల్ల పెళ్లితో అత్తింటి పేరుకు మారిపోతుంది. అంటే ఈయనతో పేరు సరి. అందుకే వాల్తేరు పాసింజరు వచ్చినప్పుడల్లా డ్యూటీ లేకపోతే కిటికీల వెంట నడుస్తూ అడిగేవాడు: "బావూ, మీ ఇంటిపేరేటి? మీ ఎరికలో గాడోలెవులైనా ఉన్నారా?" గాదె వారు దొరికారు. గడ్డి వారు దొరికారు. ఒకాయన గోడి అన్నాడు. గాడి వారు మాత్రం లేరు.

ఆ రోజుల్లోనే భీమారావు వచ్చాడు. రాయపూర్ దగ్గరి తిల్దాలో ఒక బియ్యం మిల్లులో ఫిట్టరు. మిల్లు సామాను మరమ్మతుకు నెలలో సగం రోజులు రాయపూర్‌లోనే ఉండేవాడు. మా వరుసలో వరహాలమ్మ అనే వితంతువు పెళ్లికాని రైలు కుర్రాళ్లకు వండిపెట్టేది. అక్కడ తినేవాడు. నీళ్లకుళాయి వరహాలమ్మ ఇంటికీ దానయ్య ఇంటికీ నడుమ ఉంది. పార్వతమ్మ బిందె నిండడానికి పట్టే సేపు రోజురోజుకూ పెరుగుతోందని గమనించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

దానయ్య మొదటిసారి చూసినప్పుడే అడిగాడు. "ఒరే గుంటడా, మీ ఇంటిపేరేటి?"

భీమారావు కుళాయి వైపు ఒకసారి చూశాడు. "రావే మామా."

"రావు ఇంటిపేరేటిరా, తోక గాని!"

"మాకు తోకే మిగిలింది మామా."

ఆ జవాబుకు దానయ్య మురిసిపోయాడు. దాలమ్మా వరహాలమ్మా కలిసి పెళ్లి మాట కదిపినప్పుడు అడ్డు చెప్పలేదు. మా సంఘానికి పెద్ద మల్లేశ్వరరావు గారు, హెడ్ క్లర్కు, కండువా సర్దుకుని "ఇంటిపేరు తెలుసుకోకుండా పిల్లనెలా ఇస్తావయ్యా? ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ల వరసవుతుంది" అన్నాడు.

"నాకు పనికిరాని ఇంటిపేరు లోకంలో ఒకటే బాబూ, గాడి" అన్నాడు దానయ్య. "అది ఎవుడికీ నేదని నాకన్నా ఎవుడికెరిక?"

మాట ఇచ్చేశారు. మాఘంలో పెళ్లి అనుకున్నారు.

పుష్యంలో పాసింజరులో చింతపండు వ్యాపారి రామమూర్తి కిటికీలోంచి తలపెట్టి కేకేశాడు. "దానయ్యా! నీ గాడి వారు దొరికారు! తిల్దాలో, మిల్లు వెనక. గాడీ రామయ్య ఇల్లని ఎవర్నడిగినా చూపిస్తారు!"

దానయ్య లీవరు వదిలి దణ్ణం పెట్టాడు. ఎవరికి పెట్టాడో నాకు తెలీదు. సాయంత్రానికి క్వార్టర్లన్నీ తిరిగి చెప్పాడు. పెళ్లిలో పిల్లవైపు నిలబడడానికి తనకూ అన్నదమ్ములున్నారని, పేరు తనతో పోదని. దాలమ్మ చేత అరిసెలు వండించాడు. సెలవు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను తోడు రమ్మన్నాడు. నాకు ఉద్యోగం లేదు, వెళ్లాను.

తిల్దాలో దిగి ఊక కుప్పల పక్కనుంచి నడిచాం. ముక్కులో ఊక, కళ్లలో ఊక. దానయ్య దారి పొడుగునా "కిదర్ హై భయ్యా, గాడీ రామయ్యా కా ఘర్?" అని అడుగుతూ పరుగులాంటి నడక నడిచాడు. పెంకుటిల్లు చూపించారు. తలుపు కొట్టాడు.

తలుపు తీసినవాడు భీమారావు. మొహం సగం సబ్బు నురగ, చేతిలో గడ్డం కత్తి.

"నువ్విక్కడేట్రా?" అన్నాడు దానయ్య. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మేం గాడోలింటికొచ్చేం."

భీమారావు కత్తి దించాడు. "ఇదే మామా."

"ఏది ఇదే?"

"గాడోలిల్లు. మేమే."

దానయ్య అరిసెల బుట్ట నేలమీద పెట్టాడు. ఒక్క అరుపు అరిచాడు. ఆ గొంతుకు మిల్లు కూలీలు కూడా తిరిగి చూశారు.

"రావన్నావు! తోకన్నావు! నీకు సెల్లెలయ్యే నా కూతుర్ని పెళ్లాడదామనుకున్నావురా?"

"మీ పేరు ఎరికైపోయింది మామా, నాను సెప్పేలోగానే. సెప్తే పిల్లనివ్వరని..."

"ఎలాగిస్తాను? ఒకే ఇంటిపేరోడికి ఎలాగిస్తాన్రా?"

అదీ సంగతి. ఇన్నేళ్లు వెతికిన రెండో ఇల్లు దొరికింది. దొరికినందుకు కూతురి పెళ్లి ఆగిపోవాలి. ఆ ఇంటిని కావలించుకోవాలో దానికి నిప్పు పెట్టాలో ఆయనకు తోచలేదు.

లోపలి నుంచి ఒక ముసలమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. భీమారావు నాయనమ్మ పైడమ్మ.

"ఏట్రా ఆ గోల? ఎవులా పెద్దమనిసి?"

"అమ్మా, నానూ గాడోన్నే" అన్నాడు దానయ్య. "మీరూ మేమూ అన్నదమ్ములోలం."

"గాడేటి, నీ మొహం. మాది గాడెందుకవుద్ది?"

భీమారావు నురగ మొహంతో తిరిగాడు. "మరేటి నాయనమ్మా?"

ముసలమ్మ వీధి వైపు చూసింది. ఆడపిల్లలెవరూ లేరని చూసుకుంది. గొంతు తగ్గించి, బూతుమాట అన్నట్టు అంది: "గాలి."

"గాలా!"

"ఒరే, మెల్లగా! పక్కోలింటారు." ముసలమ్మ గుమ్మంలో కూలబడింది. "మీ తాత ఈ ఊరొచ్చిన కొత్తలో మిల్లు లెక్కలు రాసే మునీమ్ పేరడిగేడు. ఈయన గాలి రామయ్య అన్నాడు. ఆడు సెప్పు తీసేడు. 'నామ్ పూఛా తో గాలీ దేతా హై?' అని. ఆల బాసలో గాలంటే తిట్టు కదా! ఇంకెప్పుడూ ఆ మాట నోటితో అన్నేదు మీ తాత. ఎడ్లబండి తోలేవోడని గాడీ రామయ్య అన్నారు. దెబ్బలు తప్పినాయి, అదే సాలనుకున్నాం."

"మరి నాకెందుకు సెప్పలేదే?"

"సిన్నపిల్లడికి బూతులు నేర్పమంటావేట్రా?"

నాకు నవ్వు ఆగలేదు. దానయ్య నవ్వలేదు. ఆయన ముసలమ్మ ఎదురుగా గొంతుక్కూచున్నాడు. ఇది నిజమైతే పెళ్లికి అడ్డులేదు, కానీ ఈ ఇల్లు తనది కాదు. అబద్ధమైతే, మనవడి పెళ్లి కోసం అప్పటికప్పుడు అల్లిన కథైతే, ఈ ఇల్లు తనదే, కానీ కూతురు కుళాయి దగ్గరే మిగిలిపోతుంది. ఆయన కళ్లు రెండింటికీ ఆశపడుతున్నాయి.

"అమ్మా, ఒక్క మాటడుగుతాను" అన్నాడు చివరికి. "పొద్దున్నే పొయ్యెలిగించేముందు మీ ఇంట్లో ఏటి సేస్తారు?"

పైడమ్మ ఆయన్ని పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "అగ్గిపుల్ల గీస్తాం. మరేటి సేస్తారు నాయనా?"

"మన్నేదైనా..."

"పొయ్యికాడ మన్నెందుకు? అన్నంలో పడదా?"

దానయ్య తల ఊపాడు. లేచి నిలబడ్డాడు. అరిసెల బుట్ట తీసి ముసలమ్మ ఒళ్లో పెట్టాడు.

"మొహం కడుక్కోరా అల్లుడూ" అన్నాడు. "సబ్బు ఎండిపోతన్నాది."

తిరుగు రైలెక్కాం. మాంఢర్ స్టేషను దాటాక "ఒకటే ఇల్లు" అన్నాడు కిటికీతో.

రాయపూర్‌లో విన్నవాళ్లకు విన్నంత. మల్లేశ్వరరావు గారు అందర్నీ సంఘం గదికి పిలిపించాడు. కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం వెలిసిన కొత్త. తెలుగుతనానికి తానొక్కడే కాపలా అన్నట్టు ఉండేవాడాయన. "కుర్రాడు వెంటనే గాలి వారిగా మారాలి. లేకపోతే గాడి వారు గాడి వారిని చేసుకున్నారని రేపు లోకం నవ్వుతుంది" అన్నాడు. మనం ఇంటిపేర్లు పోగొట్టుకున్నప్పుడు నవ్వని లోకం, ఒకటి దొరికితే నవ్వుతుందట. ఆయన ఇంటిపేరేమిటో మా గుఢియారిలో ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

పార్వతమ్మ తలుపు వెనక ఉంది. "నాన్నా, నాను గాలోలింటికెల్తన్నానా, గాడోలింటికా?" అంది.

దానయ్య అల్లుడి వైపు చూశాడు. అడగలేదు. అడగకూడదనుకున్నాడని నాకు అర్థమైంది. మారితే ధర్మం, మారకపోతే ఆయన అదృష్టం. ధర్మానికి అడ్డు రావడం ఇష్టం లేదు.

"నాకు గాలి తెల్దు" అన్నాడు భీమారావు. "పుట్టిన కాడ్నుంచి గాడే. మిల్లులో గాలంటే మా తాతకి సెప్పుదెబ్బలు పడబోయేయి. నాకు సుత్తిదెబ్బలు పడతాయి."

అందరూ నవ్వారు. మల్లేశ్వరరావు గారు "వరస?" అన్నాడు.

అప్పుడు లేచాడు దానయ్య. గొంతు మళ్లీ ఇంజను కూతే.

"మాది తవ్విన గాడి బాబూ. ఆలది తోలిన గాడీ. రెంటికీ సుట్టరికం నేదు. ఉంటే నానే ఒప్పుకోను. ఇంకెవుడికైనా అనుమానముంటే తిల్దా ఎల్లి ముసిలమ్మనడగండి. ఆడోల్లుంటే మాత్రం సెప్పదు."

పెళ్లికి గాడిపొయ్యి దానయ్యే తవ్వాడు. కూలి పెట్టనివ్వలేదు. క్వార్టర్ల వెనక ఎర్రమట్టిలో పొడుగ్గా, తిన్నగా, పట్టా వేసినట్టు. కొత్త దంపతులను గుమ్మం దగ్గర ఆపి పేర్లు చెప్పించేటప్పుడు వరహాలమ్మ తలుపుకు చేతులడ్డం పెట్టి "ఇంటిపేరుతో సెప్పాలే! పుట్టింటిదా, అత్తింటిదా?" అంది.

"గాడి భీమారావు గారూ, గాడి పార్వతమ్మా వచ్చేం" అంది పిల్ల. "ఏదనుకుంటే అదే. ముందు సెయ్యి తియ్యి పిన్నీ!"

వారం తిరక్కుండానే పైడమ్మ కూరగాయలు పట్టుకుని తిల్దా నుంచి వచ్చింది. వచ్చీ రాగానే దానయ్య మీద ఫిర్యాదు.

"ఏటయ్యా, నీ కూతురు! పొద్దున్నే లేచి గరిటె కాడతో పొయ్యి ముందు మన్ను గీకుతన్నాది. ఎందుకే అంటే, గాడోలింట్లో ఇదంతే అంటాది. నా ఇంట్లో నాకే సెప్తాది!"

"మరి నువ్వేటన్నావమ్మా?"

"ఏటంటాను? మొదటి రోజు తిట్టేను. ఇయ్యాల అది మరిసిపోయి అగ్గిపుల్ల గీయబోతే, నానే గుర్తు సేసేను."

దానయ్య పకపకా నవ్వి, చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇప్పటికీ వాల్తేరు పాసింజరు వస్తే కిటికీల వెంట నడుస్తాడు. ప్రశ్న మాత్రం మారింది. "మేం గాడోలం బావూ. ఇక్కడ రెండిల్లు మాయి. మీకాడ ఎన్నున్నాయి?"