బావి క్రేనులో దొరికిన గేరుబాక్సు

నకిరేకల్ బస్టాండు దగ్గర కిరాయి కార్లు నిలిపే జాగాలో నూరుద్దీన్‌ది ఒక్కటే హెరాల్డు. మిగతావన్నీ అంబాసిడర్లు. వాటి పక్కన అది చిన్నగా, లేత ఆకుపచ్చ రంగులో, ఇప్పుడే కడిగినట్టు ఉండేది. దాని బానెటు అన్ని కార్లలా లేవదు. చక్రాల మీది రేకులతో సహా మూతి మొత్తం ముందుకు ఒరుగుతుంది. అప్పుడు టైరు మీద కూర్చుని ఇంజను చూసుకోవచ్చు. కొత్తవాళ్లు చుట్టూ చేరి చూసేవారు. అట్లా చూస్తుంటే నూరుద్దీన్‌కు ఇష్టం. పని లేకపోయినా రోజుకోసారి బానెటు లేపేవాడు.

అతని తండ్రి నల్లగొండలో జట్కా తోలేవాడు. నూరుద్దీన్ అక్కడే ఒక డాక్టరు దగ్గర డ్రైవరుగా చేరి, ఆ హెరాల్డునే తోలాడు. డాక్టరు ఊరు విడిచి పోతూ, ఇంకొకరి చేతిలో పడితే ఈ బండి బతకదని దాన్ని అతనికే ఇచ్చేశాడు. అప్పటినుంచి నూరుద్దీన్, భార్య ఖమర్ నకిరేకల్‌లో కాపురం. పురిటి నొప్పులొచ్చినా, పాము కరిచినా, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందు అతని గడపకే వచ్చేవారు. తన బండి దారిలో ఆగిందన్న మాట ఎవరి నోటా రాలేదని అతను గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజం కూడా, ఎనభై ఏడు ఎండాకాలం దాకా.

ఆ రోజు కట్టంగూరులో పెళ్లి. పెళ్లికొడుకును ఎక్కించుకుని పోతుంటే ఊరి పొలిమేరలో మూడో గేరు కటకటలాడి పోయింది. కాసేపటికి రెండోది కూడా పోయింది. మిగిలినవి మొదటిది, నాలుగోది. మొదటి గేరు నుంచి నాలుగో గేరులో వేస్తే ఇంజను ఆగిపోతుంది. ఊరేగింపులో బాజాల వెనక నెమ్మదిగానే పోవాలి కనుక ఎవరికీ ఏమీ తెలియలేదు. తిరుగు ప్రయాణంలో తెలిసింది. నూరుద్దీన్ హైవే మీద కట్టంగూరు నుంచి నకిరేకల్ దాకా మొదటి గేరులోనే వచ్చాడు. సైకిళ్లవాళ్లు దాటిపోయారు. ఎడ్లబండి మీద పోతున్న ఒకతను పక్కకు వచ్చి, "ఏంది సాయెబూ, పెండ్లి ఊరేగింపు ఇంక ఒడువలేదా?" అని అడిగాడు. నూరుద్దీన్ తల తిప్పలేదు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

నల్లగొండలో కాటమయ్య షెడ్డు ఉంది. డాక్టరు కాలం నుంచీ ఆ కారు మీద చెయ్యి వేసిన మెకానిక్ అతనొక్కడే. హెరాల్డు గేరుబాక్సును కింద పడుకుని దించనక్కర్లేదు, ముందు సీట్లు తీసి కారు లోపలి నుంచే పైకి ఎత్తుతారు. ఇద్దరూ కలిసి ఎత్తి, గోనెపట్టా మీద పెట్టి విప్పారు. నడిమి రెండు గేర్ల పళ్లు ముక్కలై నూనె అడుగున పడి ఉన్నాయి.

"గీ బండి చేసుడే బందయింది నూరూ," అన్నాడు కాటమయ్య. "సామాను యాడ దొరుకుతది? ఇనుప సామానోళ్లకు ఇచ్చి అంబాసిడర్ చూసుకో."

"గా మాట ఇంకోసారి అనకన్నా," అన్నాడు నూరుద్దీన్.

వెతుకులాట మొదలైంది. సూర్యాపేట షెడ్లు తిరిగాడు. హైదరాబాదులో పాత సామాను కొట్ల ముందు కుప్పలు కుప్పలుగా పోసిన గేరుబాక్సుల మధ్య వంగి వంగి నడిచాడు. అన్నీ జీపులవి, ఫియట్లవి, లారీలవి. అక్కడే ఒకాయన, పాలమూరులో అబ్దుల్ హమీద్ అనే పాత కాంట్రాక్టరు ఇంట్లో ఒక హెరాల్డు మూలకు పడి ఉందని చెప్పాడు. నూరుద్దీన్ మరునాడే పాలమూరు బస్సెక్కాడు.

కారు ఉంది. వెనక సీటులో కోళ్లు పొదుగుతున్నాయి. ముందు సీట్ల నడుమ మాత్రం ఖాళీ. గేరుబాక్సు ఎప్పుడో పోయిందని, దేవరకొండ దిక్కు బావులు తవ్వే గోపయ్య తన క్రేను కోసం పట్టుకుపోయాడని హమీద్ సాబ్ ఉర్దూలో చెప్పి, ఇంత దూరం వచ్చినందుకు చాయ్ తాగించి పంపాడు. బావి క్రేనులో హెరాల్డు గేరుబాక్సు. నూరుద్దీన్‌కు బస్సులో కూర్చున్నా ఆ మాట మింగుడు పడలేదు.

దేవరకొండలో దిగి, బావులు ఎక్కడ తవ్వుతున్నారో అడుగుతూ, బావిలో బండలు పగలగొట్టే తూటాల చప్పుడు పట్టుకుని ఒక తండా దాటి నడిచాడు. ఎండలో ఎర్రమట్టి దిబ్బ. దాని మీద క్రేను. ఆయిలు ఇంజను నుంచి పట్టా ఒకటి గేరుబాక్సుకు, దాని నుంచి ఇనుప తాడు చుట్టిన డ్రమ్ముకు. గేరు వేస్తే రాళ్ల తొట్టి పైకి వస్తుంది, రివర్సు వేస్తే కిందికి పోతుంది. క్రేను దగ్గర కూర్చున్నది గోపయ్య భార్య బక్కమ్మ. ఆమె కుడి కాలు గేరు కడ్డీకి అదిమి పెట్టి ఉంది.

నూరుద్దీన్ పలకరింపు కూడా మరిచి ఆ కాలినే చూశాడు.

"గేరు జారుతాందా అక్కా?"

"జారకుంటే కాలెందుకు పెడత సాయెబూ?" అంది బక్కమ్మ, తాడు మీది నుంచి చూపు తిప్పకుండా. "బ్రేకుంది గని, నమ్మబుద్ధి కాదు. గీ తాడు మీదనే మనుషులు దిగుతున్నరు."

గోపయ్య వచ్చాడు. విషయం విని అడ్డంగా తలూపాడు.

"బాయి సగంల ఉన్నది. వానలు పడకముందే నీళ్లు చూపియ్యాలె. నీ కారు కోసరం నా క్రేను ఆపుమంటవా?"

"ఆపమంటలేనన్నా. మీరు వాడేది ఒకటో గేరు, రివర్సు. అంతేనా?"

"అంతే. ఇంక వేరేటియి మాకెందుకు?"

"నా గేరు డబ్బల గవే గట్టిగున్నయి. నడిమియి పోయినయి. మీ డబ్బల నడిమియి ఎన్నడూ తిరగనే లేదు. మీది నాకియ్యిర్రి, నాది మీరు తీసుకోర్రి. పొద్దున బిగిస్తే పగటాళ్లకు మీ పని మీకు నడుస్తది."

గోపయ్య అనుమానంగా చూశాడు. "మరి నీ కారుకు ఒకటో గేరు?"

"మూలుగుతది. మూలగనీ."

బక్కమ్మ మొదటిసారి అతని మొహం చూసింది. "తేనియ్యి," అంది భర్తతో.

గేరుబాక్సు తీసుకుపోవడానికి నల్లగొండ వస్తే, కాటమయ్య ఇంకో దారి చెప్పాడు. మోసం చేద్దామని కాదు, స్నేహితుడి మీద ప్రేమతోనే. "రెండు డబ్బలూ విప్పుదాం. నీ ఒకటో గేరు నువ్వే ఉంచుకో, వాళ్ల పాతదే వాళ్లకు పెడదాం. ఇన్నొద్దులు దాంతోనే గుంజిన్రు కద. నీ కారు కొత్త బండి లెక్క అయితది."

కొత్త బండి అన్న మాట నూరుద్దీన్ మనసులో తిరిగింది. హైవే మీద సైకిళ్లు దాటిపోయిన సంగతీ గుర్తొచ్చింది.

"నా గేరు జారితే బండి ఆగుతదన్నా," అన్నాడు చివరికి. "వాళ్లది జారితే మనిషి పోతడు."

కాటమయ్య గేరుబాక్సును కిరసనాయిలుతో తనే కడిగి, విరిగిన పళ్ల ముక్కలు ఒక్కటి కూడా మిగలకుండా ఏరేసి, దోస్తు వద్దంటున్నా తనూ బస్సెక్కాడు.

బరువైన ఆ డబ్బాను గోనెసంచిలో చుట్టి బస్సు టాపు మీద వేయించారు. మరునాడు పొద్దున గోపయ్య మనుషులు తలో చెయ్యీ వేస్తే క్రేను విప్పి బిగించడం చకచకా అయిపోయింది. ముందు ఖాళీ తొట్టి దించారు. తర్వాత రాళ్లు నింపి పైకి లాగారు. ఇంజను పొగలు కక్కింది, తాడు బిగుసుకుంది, తొట్టి మధ్యకు వచ్చింది. బక్కమ్మ అలవాటుగా కాలు అదిమే ఉంది. నూరుద్దీన్ సైగ చేశాడు. ఆమె మెల్లగా కాలు తీసింది. కడ్డీ కదలలేదు. తొట్టి పైకి వచ్చి గట్టు మీద ఒరిగింది. ఆమె పాదం కింద కడ్డీ ఒరుసుకుని కాయ కాసిన చోట వేలితో రుద్దుకుంది. గిన్నెలో మజ్జిగ పోసి మొదట నూరుద్దీన్‌కు ఇచ్చింది.

కారు మళ్లీ రోడ్డెక్కింది. మొదటి గేరులో మూలిగేది. బయలుదేరేటప్పుడు కడ్డీని ఎడమ చేత్తో ఒత్తి పట్టుకోవాల్సి వచ్చేది. రెండో గేరు పడిందంటే మాత్రం పట్టు మీద చెయ్యి జారినట్టు పోయేది. అంబాసిడర్ల డ్రైవర్లు ఆ మూలుగు విని నవ్వితే, "గది బాయి తవ్విన గేరు. మీ బండ్లు ఎన్నడన్న నీళ్లు తీసినయా?" అనేవాడు నూరుద్దీన్. ఆ కథ చెప్పమని అడిగినవాళ్లకు చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు. ఖమర్‌కు అది కంఠతా వచ్చేసింది. అతను ఎక్కడైనా మరిచిపోతే వంటింట్లోంచి అందించేది.

వానలు పడే ముందు గోపయ్య కబురు పంపాడు. నీళ్లు పడ్డాయట. నూరుద్దీన్ ఖమర్‌ను కూర్చోబెట్టుకుని దేవరకొండ దాకా తోలాడు. బావి అడుగున మబ్బు రంగు నీళ్లు కదులుతున్నాయి. క్రేను అప్పటికే పక్క చేనుకు మారింది. అక్కడ కొత్త బావికి ముగ్గు పోశారు.

బక్కమ్మ కారు చుట్టూ తిరిగింది. లోపలికి తొంగి చూసింది.

"మా డబ్బ ఏడున్నది?"

నూరుద్దీన్ సీట్ల నడుమ గేరు కడ్డీ చూపించాడు. ఖమర్ దిగి ముందు సీటు ఆమెకు ఇచ్చి, తను వెనక కూర్చుంది. బక్కమ్మ కొంగు సర్దుకుని, కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. కారు మూలుగుతూ కదిలింది.

"గిది నేను ఎరిగిన సప్పుడే," అంది.

తారురోడ్డు ఎక్కగానే రెండోది, మూడోది పడ్డాయి. గాలికి ఆమె జుట్టు చెదిరింది. "ఇంకొకటి ఉంటది కద?" అని అడిగింది. నూరుద్దీన్ నాలుగో గేరు వేశాడు. ఇంజను చప్పుడు తగ్గి, బండి తేలికపడి సాగింది. ఇన్నేళ్లూ ఆ డబ్బా పక్కనే కూర్చున్న మనిషి, దాని లోపల ఇంత పరుగు ఉందని ఎరగదు. కిటికీ అంచు గట్టిగా పట్టుకుని రోడ్డునే చూస్తూ కూర్చుంది. దేవరకొండ ఖిల్లా కనిపించే దాకా పోయి వెనక్కి తిప్పారు.

తిరిగొచ్చేసరికి గోపయ్య మనుషులంతా పలుగులు వదిలేసి రోడ్డు మీద నిలబడి ఉన్నారు.

"పని ఇడిసిపెట్టి యాడికి పోయినవే?" అన్నాడు గోపయ్య.

"నా గేరు ఎట్ల నడుస్తాందో చూసొచ్చిన," అంది బక్కమ్మ, కారు దిగకుండానే.