వంకాయ రంగు చీర

మా చిన్నమ్మ ధర్మవరంలో మగ్గం నేసేది. పట్టుదారం లడి చేతిలోకి తీసుకుంటే చాలు, ఆ రంగులో ఏమేం కలిసిందో చెప్పేసేది. "ఇది నెమలి రంగు కాదురా, నెమలిలో పచ్చ ఎక్కువుండాది" అని నన్ను ఏడిపించేది. నాకా, ఎరుపూ నీలమూ పచ్చా దాటితే పేర్లే తెలియవు. అలాంటివాణ్ని ఫోటోగ్రాఫర్నయ్యాను.

హిందూపురంలో నేను పనిచేసే స్టూడియోకి డిజిటల్ కెమెరా వచ్చిన కొత్త. రీలు బాధ లేదు, నొక్కగానే వెనక తెరమీద బొమ్మ. ఇంక నేర్చుకునేదేముందనుకున్నాను. తెలుపు తెల్లగానే పడాలంటే వెలుతురును బట్టి వైట్ బ్యాలెన్స్ మార్చుకోవాలని ఓనరు చెప్పాడు. స్టూడియో ట్యూబులైట్లకు సరిపోయేట్టు ఓసారి పెట్టి, మళ్లీ ముట్టుకోలేదు.

ఆ రోజుల్లోనే పెనుకొండ పెళ్లివారొకరు చిన్నమ్మకు చీర పురమాయించారు. పెళ్లికూతురికి తల్లి లేదు. తల్లి పెళ్లిచీర రంగులోనే కొత్తది కావాలని ఆ పిల్ల ఆశ. అయితే పోయినావిడ చీర బిడ్డ పెళ్లయ్యేదాకా గడప దాటకూడదని వాళ్లింటి కట్టుబాటు. "దానికేముంది, నేను ఫోటో తీసుకొస్తా" అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. సాయంత్రం పూట వాళ్ల నడిమింట్లో, పసుపు వెలుగు చిమ్మే బల్బు కింద చీర పరిచి తీశాను. ప్రింటు చిన్నమ్మ చేతికిచ్చాను. వంకాయ రంగు చీర అందులో ముదురు కుంకుమ రంగుకు తిరిగిందని నా కంటికి తెలియనే లేదు.

చిన్నమ్మ ఆ ప్రింటు పక్కన పెట్టుకుని పట్టుకు అచ్చం అదే రంగు వేయించింది. ఆ పనిలో ప్రింటు రంగునీళ్లలో పడి పాడైపోయింది.

నేసిన చీరతో ఇద్దరం పెనుకొండ పోయాం. పెళ్లికూతురి మేనత్త రెండు చీరలూ పక్కపక్కన పరిచింది. పెళ్లికూతురు లేచి లోపలికి వెళ్లిపోయింది. పక్కపక్కన చూస్తే నాకూ తేడా తెలిసింది. "తప్పు మా చిన్నమ్మది కాదు, నా ఫోటోది" అన్నాను. మేనత్త నన్ను ఎగాదిగా చూసింది.

"ఏమప్పా, కెమెరాకు రంగులు తెలియవా? మీ చిన్నమ్మను ఎనకేసుకొస్తాండావు."

వాళ్లు చీర తీసుకోలేదు. తిరుగు బస్సులో చిన్నమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కిటికీ వెలుగులో మాటిమాటికీ చూసుకుంది. "ఫోటోలో ఉండే రంగొకటి, నేను చూసిందొకటి. నా కన్ను పోయినట్టుండాది నాయనా" అంది.

ఆ మాట మనసులోంచి పోలేదు. మర్నాడు స్టూడియో కంప్యూటర్లో ఆ ఫోటో తెరిచి పసుపు తగ్గిస్తూ పోతే, వంకాయ రంగు చక్కగా తేలింది. సంబరంగా సేవ్ కొట్టేశాను, పాత ఫైలు మీదే. కెమెరా కార్డు ఇంకో పెళ్లి కోసం అప్పటికే తుడిచేశాం. సీడీలోకి ఎక్కించలేదు, పాత రంగు ఇంకెక్కడా మిగల్లేదు. నేను చేసిన ఘనకార్యం ఏమిటో చిన్నమ్మను పిలిపించి తెర ముందు కూర్చోబెట్టాకే తెలిసింది.

"వంకాయ రంగే కదరా. నాకే కుంకుమ రంగుగా అగుపడింది" అంది.

కాదు చిన్నమ్మా, దీన్ని నేను మార్చాను అంటూ మౌసుతో రంగులు అటూ ఇటూ జరిపి చూపించాను. చీర ఎర్రబడింది, నీలమైంది, పచ్చబడింది.

"ఎట్ల జరిపితే అట్ల మారేదాన్ని నమ్మేదెట్లరా?" అని నవ్వింది. "నా కోసం చెప్తాండావులే."

నేను గొంతు పెంచాను, అదీ ఆమె మీద. సిగ్గుచేటు. ఆమె మాత్రం నా తల నిమిరి లేచింది. ఆ తర్వాత రంగులు ఎంచే పని కోడలికి అప్పజెప్పింది.

ఇప్పుడు నేను అసలు ఫోటోలను వేరే ఫోల్డర్లో దాస్తాను, ఇంకోచోట కాపీ పెడతాను. ఏ పెళ్లికి పోయినా తెల్లకాగితం పెట్టి రంగు సరిచూసుకుంటాను. బుద్ధిమంతుణ్నే అయ్యాను, చిన్నమ్మకు పనికొచ్చే వేళ దాటాక.

నా పెళ్లికి ఆమె పెనుకొండవాళ్లు వద్దన్న ఆ చీరే కట్టుకుంది. అంతకుముందు రోజు గాజుల అంగడికి తీసుకుపోతే, సంచిలోంచి చీర కొంగు లాగి నా ముందు పట్టింది.

"ఇదేం రంగురా? నీ కన్ను మంచిది, నువ్వు చెప్పు."

"కుంకుమ రంగు చిన్నమ్మా."

అంగడాయన గాజుల డబ్బా తెరిచాడు. చిన్నమ్మ అందులోకి చూడను కూడా చూడలేదు. చెయ్యి చాచి, "మా వాడు చెప్పిన రంగే వెయ్యి" అంది.